చెరువునకు పట్టిన పాచి



వేసవిలో ఒకనాటి వేకువను చెరువుగట్టునకు పోయి చూతుము. నీరు పసరు కలిపినట్లుండును. చేపలు నోళ్లు తెఱచుకొని పైకి తేలుచుండును. ఎవరో విషము కలిపిరని ఊరిలో వాదు పుట్టును. తఱచుగ ఆ దోషము పగవానిది కాదు, పాచిది. పగటివేళ పాచి నీటికి ప్రాణవాయువు నిచ్చును. రాత్రియెల్ల దానినే పీల్చుకొనును. కావుననే తెల్లవారుజామున చేపలకు ఊపిరాడదు.

ఇంత పాచి యేల పెరుగును? 1973లో కెనడా దేశమున షిండ్లరను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఒక చిన్న సరస్సును నడుమ తెర గట్టి విభజించిరి. రెండు వైపులను కర్బనమును నత్రజనిని కలిపిరి. ఒక వైపున మాత్రము భాస్వరమును గూడ చేర్చిరి. భాస్వరము పడిన వైపే ఆకుపచ్చనయ్యెను. మన చేల యెరువు, పెంటకుప్పల రసము, ఇండ్ల మురుగు ఆ భాస్వరమునే మోసికొని వచ్చును. నిర్మల్ ధర్మసాగరమైనను, పల్లెలోని కుంటయైనను, న్యాయ మొక్కటియే.

పట్టణపు టిండ్లలో గాజుతొట్టియందు చేపలను, నీటిమొక్కలను పెంచుట మీరు చూచియుందురు. అదియు నొక చిన్న చెరువే. ఎండ తగిలినను, మేత మిక్కిలి వేసినను అద్దమునకు పాచి పట్టును. తెలిసినవారు దానిని గీకి యూరకుండరు. దీపమును దినమునకు ఎనిమిది గంటలకు మించి వెలుగనీయరు; చేపలు వెంటనే తినగలిగినంత మేతయే వేయుదురు; వారమున కొకసారి నాలుగవపాలు నీరు మార్చుదురు; మొక్కలను దట్టముగ పెంచుదురు. మొక్కలు సారమును గొనగా పాచికి మిగులునది స్వల్పము.

చెరువునకు ఎండను మఱుగు చేయలేము. పాచి తిండిని మాత్రము ఆపగలము. మురుగుకాలువను మళ్లింపుడు. పెంటకుప్పలను దూరముగ నుంచుడు. ఒడ్డున తుంగను, జమ్మును కొంత యుండనిండు. వేసవిలో పూడికమట్టిని చేలకు తోలుడు. పోయిన సారము మరల పైరునకే చేరును. బతుకమ్మను నీటవిడిచిన మరునాడు పూలను తీసి ఎరువుగుంతలో వేయుడు. ఆచారమునకు లోపము రాదు.

తొందరపడి మైలుతుత్తము పోయకుడు. అది చేపలకు విషము. పైగా చచ్చిన పాచి యంతయు నొక్కసారి క్రుళ్లి, మిగిలిన ప్రాణవాయువును గూడ హరించును. నీటిపై నీలిపచ్చని మీగడవంటి తెట్టు కట్టినచో అందు విషముండవచ్చును. పశువుల నచ్చట నీరు త్రాగనీయకుడు.

రేపుదయమున గట్టుమీద నడచి, మురుగు ఏ దారిని చెరువు చేరుచున్నదో చూడుడు. పని యచ్చటనే మొదలు కావలయును.