గడపకడ పాపము

క్రైస్తవుల వేదగ్రంథమగు బైబిలునందు పాపమను మాట మొట్టమొదట నెచ్చట వచ్చునని యడిగినచో, ఏదెను తోటలో ఆదాము హవ్వలు నిషిద్ధఫలమును తిన్న ఘట్టమున వచ్చునని పలువురు చెప్పుదురు. నేనును చాలకాల మట్లే తలచితిని. కాని వెదకి చూడగా ఆదికాండము మూడవ అధ్యాయమున ఆ పదము లేదు. అది నాలుగవ అధ్యాయమున, ఏడవ వచనమున తొలిసారి కానవచ్చుచున్నది. అప్పటికి ఎవ్వరును ఎవ్వరిని చంపలేదు; చేయియైన నెత్తలేదు. ఒకడు తన తమ్ముని మేలు చూచి కోపగించుకొనెను. వాని ముఖము చిన్నబోయెను. అంతియే. ఆ చిన్నబోయిన ముఖము నెదుట నుంచుకొని యా గ్రంథము పాపమును పేరుపెట్టి పిలిచినది. శ్రోతలారా, నేడు నేను చెప్పదలచినది ఆ ముఖమునుగూర్చియే.

కథ మీలో పెక్కురకు తెలిసినదే. ఆదాము పెద్దకొడుకు కయీను సేద్యము చేయువాడు. చిన్నవాడు హేబెలు గొఱ్ఱెల కాపరి. ఇరువురును దేవునికి కానుకలు తెచ్చిరి. కయీను పొలము పంటలో కొంత తెచ్చెను. హేబెలు మందలోని తొలిచూలు పిల్లలను, వాని క్రొవ్వును తెచ్చెను. దేవుడు హేబెలు కానుకను కటాక్షించెను. కయీను కానుకను కటాక్షింపలేదు. ఎందుచేతనని వ్యాఖ్యాతలు ఎన్నియో పుటలు వ్రాసిరి. హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక హేబెలు విశ్వాసమును కారణముగా చెప్పుచున్నది. ఆ చర్చ మనకిప్పుడు వలదు. ఓర్వలేనివానికి కారణముతో పనిలేదు. తనకు రానిది పక్కవానికి వచ్చెనను నొక్కటి చాలును. హేబెలు అన్నకు చేసిన యపకార మేమియు లేదు. ఆ కథ మొత్తమున అతడు బ్రదికియుండి పలికిన పలుకొక్కటియు లేదు.

ఇక దేవుడేమి చేసెనో చూడుడు. కయీనును శపింపలేదు, ఒక ప్రశ్న వేసెను. నీకు కోపమేల, నీ మొగము చిన్నబోనేల యని యడిగి, పాపము గడపకడ మాటువేసి యున్నదనియు, అది నిన్ను కోరుచున్నదనియు, నీవు దానిని లొంగదీసికొనవలెననియు హెచ్చరించెను. హీబ్రూ మూలమునందు ఇచ్చట వాడబడిన క్రియ మృగము కాళ్లు ముడుచుకొని పండుకొనుటకు చెల్లునదని తెలిసినవారు చెప్పుదురు. మృగము ఇంకను లోపలికి రాలేదు. తలుపు తీయుటయు మూయుటయు ఇంటివాని చేతిలోనే యున్నది. ఈర్ష్య పుట్టుటకును దుష్కార్యము జరుగుటకును నడుమ నొక యెడమున్నదని, ఆ యెడమున మనుష్యుడు స్వతంత్రుడని ఈ కథ చెప్పుచున్నది. ద్వేషము తనంత వచ్చి నాచేత చేయించినదని చెప్పుకొనుటకు కయీనునకు వీలులేదు.

అతడు ప్రశ్నకు బదులు చెప్పలేదు. తరువాతి వాక్యము విచిత్రమైనది. కయీను తమ్మునితో పలికెనని యున్నది కాని, ఏమి పలికెనో సంప్రదాయసిద్ధమైన హీబ్రూ పాఠమున లేదు. ప్రాచీన గ్రీకు, లాటిను భాషాంతరములు పొలమునకు పోదము రమ్మను మాటను చేర్చి పూరించినవి. పాఠము జారిపోయినదో యేమో, శాస్త్రజ్ఞులు తేల్చుకొందురు గాక. నాకు మాత్రము ఆ ఖాళీయే సత్యముగా తోచును. ద్వేషము ముదిరిన పిదప మనము తోడివానితో పలుకు మాటలు పేరునకు మాటలే. వానియందు చెప్పదగినది ఏమియు నుండదు. ఆ వెనుక హత్య రెండు ముక్కలలో ముగిసినది. గ్రంథకర్త దానిని వర్ణింపనేలేదు. కాని ఆ పది వచనములలో తమ్ముడను మాటను ఏడుమారులు వాడినాడు.

ఇచ్చట నాకు, బాలురచే వల్లెవేయించిన అమరకోశము జ్ఞప్తికి వచ్చుచున్నది. ఈర్ష్యాసూయలని మనము జంటగా కలిపి పలుకుదుము. అమరసింహుడు వానిని విడదీసినాడు. పరుల మేలు నోర్వలేమి ఈర్ష్య. పరుల గుణములయందే దోషము నారోపించుట అసూయ. మొదటిది నొప్పి. రెండవది ఆ నొప్పికి మనము కట్టుకొను న్యాయపు వేషము. రెండవదియే యెక్కువ ప్రమాదకరమని నా యభిప్రాయము. ఏలయన నొప్పిపడువాడు తనకు నొప్పిగా నున్నదని యెఱుగును; అసూయాపరుడు తాను న్యాయము పలుకుచున్నానని నమ్మును.

సౌలు రాజు కథ యిందుకు దృష్టాంతము. దావీదు గొల్యాతును చంపి వచ్చినప్పుడు స్త్రీలు నాట్యమాడుచు, సౌలు వేలమందిని, దావీదు పదివేలమందిని కూల్చిరని పాడిరి. పాటలో సౌలునకు నింద లేదు. అతనికిని వేలు దక్కినవి. అయినను అతని చెవికి పదివేలే వినబడినవి. ఆ దినము మొదలుకొని అతడు దావీదును కంట కనిపెట్టెను. పిమ్మట ఈటె విసరెను. పిమ్మట దావీదు తనపై కుట్రపన్నినాడని నిశ్చయించుకొనెను. ఆకలిగొన్న దావీదునకు రొట్టె యిచ్చిన నేరమునకు నోబు పట్టణపు యాజకులను ఎనుబదియైదుగురను ఒక్కనాడు చంపించెను. పాటకును ఆ పీనుగులకును నడుమ ఎన్ని గడపలున్నవో లెక్కించుకొనుడు. అదే యింట యువరాజు యోనాతాను గలడు. దావీదు వలన సింహాసనమే పోవువాడతడు. అట్టివాడు తన వస్త్రమును, కత్తిని, వింటిని, నడికట్టును విప్పి దావీదునకిచ్చెను. ఒకే రక్తము, ఒకే పోటీదారుడు. గ్రంథము కారణము విప్పదు. యోనాతాను దావీదును ప్రాణమువలె ప్రేమించెనని మాత్రము చెప్పును.

ఏసుక్రీస్తు కొండమీద చేసిన ప్రసంగమున నరహత్యను నిషేధించు నాజ్ఞను తీసికొని, సోదరునిపై కోపగించువాడును విమర్శకు లోనగునని చెప్పెను. యోహాను వ్రాసిన మొదటి పత్రిక కయీనును స్మరించి, సోదరుని ద్వేషించువాడు నరహంతకుడే యని తీర్మానించెను. ఇది మరీ కఠినమని నేను పూర్వమనుకొంటిని. కాని ఏసు వెంటనే చెప్పిన యుపాయమును చూడుడు. బలిపీఠము నొద్దకు కానుక తెచ్చినప్పుడు, నీ సోదరునికి నీపై నేదో కలదని జ్ఞప్తికి వచ్చినచో, కానుక నచ్చటనే విడిచి, ముందుగా పోయి సమాధానపడి రమ్మనెను. కయీను కథయు కానుకతోనే మొదలైనది గదా. అచ్చట కానుక విషయమై సోదరుడు చచ్చెను. ఇచ్చట సోదరుని కొరకు కానుక ఆగవలెను. అదియును, నీకు వానిపై కోపమున్నచో ననలేదు. వానికి నీపై నున్నచో నన్నాడు.

ఈ వాక్యము నన్నొకనాడు చిక్కున బెట్టినది. ముప్పదియేండ్ల క్రిందట నాతో పనిచేసిన తెలుగు పండితుడొకడు పాఠశాల వార్షికోత్సవమున పద్యములు చదివెను. సభ చప్పట్లు కొట్టెను. మూడవ పాదమున యతి తప్పినదని నేను నలుగురు వినునట్లు నవ్వుచు పలికితిని. తప్పలేదు. అది ప్రాదియతి, అచ్చునకైనను హల్లునకైనను చెల్లును. ఆ మాట పలుకుచున్నప్పుడును నాకా సంగతి తెలియును. అతడు తలవంచుకొనెను. మరునాడు తరగతిలో నొక బాలుడు లేచి, “మాస్టారూ, అది మీరు చెప్పిన ప్రాదియతి కాదా?” అని యడిగెను. కూర్చుండుమంటిని.

అతడు వేరొక యూరికి పోయెను. నాలుగేండ్లు గడచినవి. ఒకరాత్రి మత్తయి సువార్తలో ఆ బలిపీఠపు మాటను చదివితిని. ఉదయమున దేవుని గూటిలో దీపము వెలిగించి కూర్చుంటిని. సంకల్పము నోట రాలేదు. లేచి కార్డు తీసికొని ఉన్నది యున్నట్లు వ్రాసితిని.

పదునైదు దినములకు బదులు వచ్చెను. ఆ సంగతి ప్రస్తావనయే అందులో లేదు. ఆవు ఈనినదనియు, కుమార్తె పెండ్లి మాఘమాసమున నిశ్చయమైనదనియు, సకుటుంబముగా రావలెననియు వ్రాసి, శుభలేఖ కొరకు తాను కూర్చిన పద్యమును క్రింద నుంచి, యతులు సరిచూచి పంపుమని కోరినాడు. మూడుమారులు చూచితిని. సరిగానే యున్నవి.