బాల్ పైథాన్ కుబుసం ముక్కలుగా ఊడుతోందా? ట్యాంక్‌లో తేమ లెక్క మొత్తం ఇదే

ఈరోజు టాపిక్ పెట్ పాము ట్యాంక్‌లో తేమ, అంటే హ్యుమిడిటీ. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ పాము కళ్ళూ ఊపిరితిత్తులూ రెండూ దీని మీదే ఆధారపడి ఉంటాయి. కుక్కకి బాగోకపోతే మూలుగుతుంది, పిల్లి తిండి మానేసి మూల కూర్చుంటుంది. పాము మాత్రం చాలా రోజులు ఏమీ చెప్పదు. చాలాసార్లు అది ఇచ్చే మొదటి కంప్లైంట్ కుబుసమే.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు, ఇండియాలో చూస్తున్నవాళ్ళకి ఒక మాట. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ... మన నేల మీద పుట్టిన పాముల్ని ఇంట్లో పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతి. 2022లో ఆ చట్టాన్ని సవరించారు, 2024లో రిజిస్ట్రేషన్ రూల్స్ వచ్చాయి. ఇలాంటి జీవి మీ దగ్గరుంటే పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాల్సిందే. పేపర్లు చూపించకుండా ఎవరైనా పాము అమ్ముతానంటే అక్కడి నుంచి వచ్చెయ్యండి. ఇప్పుడు నేను చెప్పబోయేది ఎక్కువగా అమెరికా లాంటి చోట్ల లీగల్‌గా పెంచుతున్నవాళ్ళకి పనికొస్తుంది. లెక్క మాత్రం ఎక్కడైనా ఒకటే.

బాల్ పైథాన్ సొంతూరు ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ వైపు గడ్డి మైదానాల్లో ఎక్కువగా ఉంటుంది. "అక్కడ పొడి వాతావరణం కదా, మరి దీనికి తేమ ఎందుకు?" అని డౌట్ రావచ్చు. అది పగలంతా ఎండలో తిరగదు. ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పడుకుంటుంది. నాగుల చవితికి మనం పుట్ట దగ్గరికి ఎందుకు వెళ్తాం? పాము ఉండే చోటు అదే కాబట్టి. బయట నేల పగుళ్ళిచ్చినా పుట్ట లోపల చల్లగా, చెమ్మగా ఉంటుంది. మన ట్యాంక్‌లో తయారు చెయ్యాల్సింది ఆ పుట్ట లోపలి వాతావరణాన్ని. నంబర్ కావాలంటే 60 నుంచి 80 శాతం. కుబుసం విడిచే ముందు 70 దాటి ఉంటే మంచిది.

ఇప్పుడు ఈ శాతం అంటే ఏంటో చూద్దాం. మే నెలలో హైదరాబాద్‌లో కూలర్ వేస్తే హాయిగా ఉంటుంది. అదే కూలర్ వైజాగ్‌లో వేస్తే ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే వైజాగ్ గాలి అప్పటికే నీళ్ళతో నిండి ఉంది, ఇంకా పెద్దగా పట్టదు. గాలి పట్టగలిగే నీళ్ళలో ఇప్పుడు ఎంత ఉంది అన్నదే ఆ శాతం. గాలి వేడెక్కేకొద్దీ పట్టగలిగే నీళ్ళు పెరుగుతాయి. ఈ ఒక్క పాయింట్ పట్టుకుంటే మిగతాదంతా ఈజీ.

న్యూజెర్సీ చలికాలం తీసుకోండి. బయట సున్నా డిగ్రీలు, తేమ 80 శాతం. సున్నా దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 4.8 గ్రాముల నీళ్ళే పట్టగలదు. అంటే అందులో ఉన్నది నాలుగు గ్రాముల లోపే. అదే గాలి ఇంట్లోకొచ్చి హీటర్ వల్ల 22 డిగ్రీలైంది. ఇప్పుడు అది 19 గ్రాములకు పైగా పట్టగలదు. నీళ్ళు మాత్రం అవే నాలుగు గ్రాములు. శాతం 80 నుంచి 20కి పడిపోయింది. మీ పెదాలు పగిలేది అందుకే. అదే గాలి ట్యాంక్‌లో దీపం కింద 32 డిగ్రీలకు చేరితే 11, 12 శాతమే. పుట్టలో పుట్టిన పాముకి అది ఎడారి.

ఇదే లెక్క ఇంకో విషయం కూడా చెప్తుంది. ట్యాంక్‌లో చల్లని వైపు 26 డిగ్రీల దగ్గర 70 శాతం ఉంటే, అంతే నీళ్ళున్న గాలి వేడి వైపు 32 డిగ్రీల దగ్గర 50 శాతమే చూపిస్తుంది. కాబట్టి రెండు వైపులా రెండు మీటర్లు పెట్టండి. వేడి వైపు తక్కువ చూపించిందని కంగారుపడి నీళ్ళు కుమ్మరించకండి.

ముందు మీటర్ కరెక్ట్‌గా ఉందో లేదో చూడాలి. సెన్సార్ తప్పు చెప్తుంటే దాని మీద ఎంత మంచి కోడ్ రాసినా వేస్టే కదా! ముల్లు తిరిగే రకం మీటర్లని నమ్మొద్దు, డిజిటల్ తీసుకోండి. దాన్ని కూడా ఉప్పుతో టెస్ట్ చెయ్యండి. బాటిల్ మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేవరకు చుక్క చుక్కగా నీళ్ళు వెయ్యండి. ఉప్పు మొత్తం కరిగిపోకూడదు. ఆ మూతనీ మీటర్‌నీ ఒక జిప్‌లాక్ కవర్లో పెట్టి, లోపల కొంచెం గాలి ఉండేలా సీల్ చేసి, ఒక రాత్రంతా గదిలో వదిలెయ్యండి. పొద్దున్నకి 75 చూపించాలి. తడి ఉప్పు పక్కనున్న గాలి 75 దగ్గరే నిలబడుతుంది, అది ఉప్పు గుణం. మీటర్ 68 చూపిస్తే, రోజూ చూసే రీడింగ్‌కి 7 కలుపుకోండి.

నా ఫ్రెండ్ ఒకడు రోజూ స్ప్రే చేస్తున్నా పాము కుబుసం ముక్కలుగా ఊడింది. ఒక కంటి మీద పొర కూడా మిగిలిపోయింది. మీటర్ మాత్రం 60 అని చూపిస్తోంది. ఉప్పు టెస్ట్ చేస్తే 75కి బదులు 90 దాటింది. అంటే అన్నాళ్ళూ 60 అనుకున్నది నిజానికి 45 లోపే. చివరికి సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ ఆ పొర తీశారు.

తేమ పెంచేటప్పుడు మొదట చూడాల్సింది అది ఎక్కడినుంచి పోతోందో. పైన జాలీ మూత ఉన్న గాజు ట్యాంక్ అయితే వేడి గాలి పైకి లేచి నీళ్ళని పట్టుకుపోతుంది. జాలీలో మూడొంతులు పైనుంచి అల్యూమినియం ఫాయిల్‌తో గానీ యాక్రిలిక్ షీట్‌తో గానీ మూసెయ్యండి. దీపం చుట్టూ ఖాళీ ఉంచండి, గాలి ఆడటానికి కొంత జాలీ వదలండి. లోపల వైపు మాత్రం ఎప్పుడూ టేప్ అంటించకండి. పాము చర్మానికి అతుక్కుంటే పెద్ద గాయమే అవుతుంది.

తర్వాత అడుగున వేసేది. న్యూస్‌పేపర్, టిష్యూ తేమని నిలపవు. కొబ్బరి పొట్టు, అంటే కోకోపీట్ గానీ, కొబ్బరి డొక్కల ముక్కలు గానీ మూడు నాలుగు అంగుళాల మందాన వెయ్యండి. దేవదారు, పైన్ చెక్క పొట్టు వద్దు, వాటి ఘాటు పాముకి పడదు. నీళ్ళు పైన చల్లకుండా నాలుగు మూలల్లో నెమ్మదిగా పొయ్యండి. అడుగు పొర తడిగా, పై పొర పొడిగా ఉండాలి. కింద నీళ్ళు రోజుల తరబడి నెమ్మదిగా ఆవిరవుతుంటాయి. స్ప్రే చేస్తే మీటర్ కాసేపు 90కి ఎగిరి, మళ్ళీ పడిపోతుంది. మీటర్ చూసి మనం హ్యాపీ, పాముకి మాత్రం ఏం మారలేదు.

మూడోది తడి గూడు. మూతున్న ప్లాస్టిక్ డబ్బాకి పాము పట్టేంత కంత పెట్టి, అంచులు నున్నగా చేసి, లోపల తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచు పరవండి. పాము కళ్ళు పాలలా మసకబారాయంటే కుబుసం టైమ్ దగ్గరపడినట్టు. అప్పుడు ఈ గూడు బాగా పనికొస్తుంది. నాచు పాడైతే మార్చెయ్యండి.

అలాగని తడి ఎక్కువైనా ప్రమాదమే. పాము బురద మీద పడుకుంటే పొట్ట పొలుసులు ఎర్రబడి, బొబ్బలొచ్చి కుళ్ళుతాయి. గాలి ఆడకపోతే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రావచ్చు. ఊపిరిలో గురక లాంటి శబ్దం, ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి శ్వాస తీసుకోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టర్ దగ్గరికే. యూట్యూబ్ వీడియోలు తర్వాత, నావి కూడా.

కుబుసం ఊడగానే పారెయ్యకండి, పరిచి చూడండి. అది మేజోడు తిరగేసినట్టు ఒకే ముక్కగా రావాలి. తల దగ్గర రెండు కళ్ళ మూతలు ఉండాలి, తోక చివర కూడా ఉండాలి. పాముకి కనురెప్పలు ఉండవు. కంటిని కాపాడేది ఒక పారదర్శకమైన పొలుసు, కుబుసంతో పాటు అదీ ఊడాలి. ఊడకపోతే గోటితో, పట్టకారుతో పీకకండి, కన్నే పోవచ్చు. ముందు తేమ సరిచెయ్యండి, గోరువెచ్చని తడి టవల్ మధ్య నుంచి పాముని కాసేపు పాకనివ్వండి. ఒంటి మీది ముక్కలు చాలావరకు అలా ఊడిపోతాయి. తోక చివర రింగు బిగుసుకుంటే రక్తం ఆడక కొస చచ్చిపోతుంది, కాబట్టి దాన్ని వదిలెయ్యొద్దు. కంటి పొర అలాగే ఉంటే డాక్టరే చూడాలి. తేమ కరెక్ట్‌గా ఉన్నా ప్రతిసారీ ఇలాగే అవుతుంటే పురుగులు పట్టాయేమో, ఇంకేదైనా జబ్బుందేమో చూపించండి.

చివరిగా, ఈ నంబర్లు బాల్ పైథాన్‌వి మాత్రమే. బ్రెజిల్ రెయిన్‌బో బోవాకి ఇంకా ఎక్కువ తేమ కావాలి, కెన్యా శాండ్ బోవాకి తక్కువ చాలు. మీ పాము ఏ జాతి, దాని సొంత నేలలో అది ఎక్కడ పడుకుంటుంది అన్నది ముందు తెలుసుకోండి, నంబర్ ఆ తర్వాత. బాల్ పైథాన్ బాగా చూసుకుంటే 20 ఏళ్ళకు పైగా బతుకుతుంది. అన్నేళ్ళూ దాని వాతావరణ శాఖ మీరే.

ఈ రాత్రికి ఆ ఉప్పు టెస్ట్ పెట్టెయ్యండి, ఖర్చు ఒక చెంచా ఉప్పు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో వేడి, థర్మోస్టాట్ గురించి మాట్లాడుకుందాం. బై ఫ్రెండ్స్!