ఫ్లాపీ చదవనన్నప్పుడు
(పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



వెన్న శాతం తక్కువ వచ్చిన రోజున మనం ముందుగా అనుమానించేది పాలు పోసిన మనిషిని. బ్యుటిరోమీటరును అనుమానించేవారు అరుదు. మేమూ ఒకసారి అలాగే పొరపడ్డాము. అది పాల విషయం కాదు, ఫ్లాపీల విషయం.

1997లో మేము పనిచేస్తున్న కార్యాలయంలో పక్షం బిల్లులు కంప్యూటరు మీద వేయాలని తలపెట్టారు. ఉన్నది ఒకే యంత్రం, 486 రకం. ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి లెక్కలు ఎక్కించాలంటే యూనిక్స్ వంటి వ్యవస్థ కావాలి. కొనడానికి డబ్బు లేదు. అందుచేత ఉచితంగా దొరికే లినక్స్‌లో స్లాక్‌వేర్ అనే కూర్పును ఎంచుకున్నాము. మా యంత్రానికి సి.డి. పెట్టే వీలు లేదు. జిల్లా కార్యాలయంలో ఒక కుర్ర గుమాస్తా దానిని ఫ్లాపీలకు ఎక్కించి బస్సులో పంపాడు.

బూట్ ఫ్లాపీ, రూట్ ఫ్లాపీ ఎలాగో నడిచాయి. తరువాతి వాటిలో మూడవది పెట్టగానే చదవలేకపోయానని తెర మీద పడింది, పక్కనే ఒక సెక్టారు నంబరు. కుర్రవాడు నిర్లక్ష్యంగా నకలు తీశాడని తీర్మానించి, సంజాయిషీ కోరుతూ ఆనాడే కాగితం పంపాము. మా సహకార డిప్లొమాలో సంజాయిషీ అడగడం నేర్పారు గాని ఫ్లాపీ సంగతి నేర్పలేదు.

ఆ నంబరును నోటు పుస్తకంలో రాసుకోవడం ఒక్కటే మేము చేసిన మంచి పని. 1.44 ఫ్లాపీకి రెండు వైపులా 80 చొప్పున వరుసలు, వరుసకు 18 సెక్టార్లు, మొత్తం 2,880. ప్రతి సెక్టారు చివర, చిట్టా అడుగున మొత్తం వేసినట్లు, ఒక సరిచూపు అంకె ఉంటుంది. చదివినది దానితో కలవకపోతే తప్పు చూపుతుంది. ఫ్లాపీ మీద గీత పడితే ప్రతిసారీ అదే నంబరు రావాలి. మాకు మొదటిసారి ఒకటి, రెండవసారి ఇంకొకటి వచ్చింది. అంటే చెడినది చోటు కాదు, చదవడం.

స్పిరిట్‌లో దూది ముంచి హెడ్డు తుడిచాము. లాభం లేదు. కొత్త ఫ్లాపీలు తెప్పించి మళ్లీ నకలు తీయించాము. అదే తంతు. అప్పుడు బజారులో కొన్న వేరొక ఫ్లాపీ పెట్టి చూస్తే మొదటినుంచి చివరిదాకా చదివింది. దానినే జిల్లా కార్యాలయానికి తీసుకుపోతే అక్కడి డ్రైవు చదవలేదు! అక్కడ రాసినవి మాత్రం అక్కడ చక్కగా చదువుతోంది. ఆ డ్రైవు హెడ్డు వరుస తప్పి పక్కకు జరిగింది. తాను వంకరగా రాసినది తానే వంకరగా చదువుకుంటుంది గనుక అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు.

మర్నాడు మా డ్రైవును ఊడదీసి, తువ్వాలులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లాము. కండక్టరు టిఫిను డబ్బా అనుకున్నాడు. దానిని అక్కడి కంప్యూటరుకు తగిలించి, ఆ కుర్రవాని చేతనే ఫ్లాపీలన్నీ మళ్లీ రాయించాము. ఆ సాయంత్రం మా ఊళ్లో ఒక్కటీ మొరాయించలేదు.

ఇప్పుడు ఫ్లాపీలు లేవు. సోనీ వారు జపానులో వాటి అమ్మకం 2011లో ఆపివేశారు. మీ కేంద్రంలో పెన్‌డ్రైవు చదవకపోతే మాత్రం వెంటనే ఫార్మాటు చేయకండి. అందులో సభ్యుల పాల లెక్క ఉంటుంది. ముందు తెర మీది మాట రాసుకోండి. తరువాత ఇంకొక యంత్రంలో పెట్టి చూడండి. అక్కడ చదివితే నకలు తీసి దాచి, ఆపైన మీ యంత్రం సంగతి చూడండి.

ఆ పక్షం బిల్లులు నాలుగు రోజులు ఆలస్యమైనాయి. సంజాయిషీ కాగితాన్ని వెనక్కు తీసుకుంటున్నామని, తప్పు గుమాస్తాది కాదని మా సంతకంతో జిల్లా కార్యాలయానికి రాసి, ఒక ప్రతి అతనికి కూడా పంపాము.