జ్వరములో స్పృహ తప్పిన బిడ్డ



సాయంకాలము వఱకు ఆడుకొనిన బిడ్డకు రాత్రి జ్వరము వచ్చును. తెల్లవాఱునప్పటికి పిలిచిన పలుకడు, గిల్లినను ఏడువడు. ఒకరు గాలి సోకినదందురు. ఒకరు విభూతి తెమ్మందురు. ఒకరు తడిగుడ్డ వేసి చూతమందురు. తుదకు అందఱును గ్రామపెద్దలైన మీ ముఖము వంక చూతురు. అందుచేత ఈ విషయమును నేడు మీతో ముచ్చటింప దలచితిని.

ఇది యొక వ్యాధి కాదు. పెక్కు వ్యాధులకు ఒకటే ముఖము. విషమించిన మలేరియాలో, క్రిములు చేరిన ఎఱ్ఱ రక్తకణములు మెదడులోని సన్నని నాళముల నంటుకొని రక్తప్రసారము నడ్డగించును. మెదడు పొరలకు చీము పట్టుట మఱియొక కారణము. వైరసులచే మెదడు వాచుట వేఱొకటి. రక్తములో చక్కెర మిక్కిలి తగ్గినను, మూర్ఛ ఆగక వచ్చినను స్పృహ తప్పును. ఒక్కొక్కప్పుడు ఇవి రెండు మూడు కలిసియే యుండును.

వీనిని పైకి చూచి తేల్చుట వైద్యులకే కష్టము. ఆఫ్రికాలో మలావీ యను బీదదేశము కలదు. అచ్చట మలేరియాచే స్పృహ తప్పి మరణించిరని తలచిన 31 మంది పిల్లల శవములను పరీక్షింపగా, 7 మంది మరణమునకు కారణము వేఱని తేలినట్లు 2004లో ప్రకటించిరి. ఆ దేశముననే జరిగి 2015లో వెలువడిన మఱియొక పరిశోధనలో, మెదడు మలేరియాతో మరణించిన 25 మంది పిల్లలలో 21 మందికి ఆస్పత్రిలో చేరునప్పటికే మెదడు తీవ్రముగా వాచియుండెను. మన ఆంధ్రదేశమున 2003 జూన్ మొదలు ఆగస్టు వఱకు 329 మంది పిల్లలకు మెదడువాపు సోకి 183 మంది మరణించిరి. చండీపుర వైరసు అందుకు కారణమని పరిశోధకులు చెప్పిరి. ఇట్టి రోగములలో దినములు కాదు, గడియలే లెక్క.

కావున బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. వాంతి యైనను ఊపిరికి అడ్డు రాదు. నోట నీరు గాని, కషాయము గాని, పసరు గాని పోయకుడు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. 108కి కబురు చేసియో, దొరకిన బండి మీదనో వెంటనే ఆస్పత్రికి చేర్పుడు. జ్వర మెప్పుడు వచ్చినది, మూర్ఛ కలిగినదా, ఏ మందు పడినది అను సంగతులు తెలిసినవారు వెంట పోవలెను. తాయెత్తు కట్టుదు మనువారిని నిందింప నక్కఱలేదు; బండిలోనే కట్టవచ్చును. ప్రయాణము మాత్రము ఆగరాదు.

బిడ్డ కన్నులు తెఱచుటతో కథ ముగియదు. మెదడు మలేరియా నుండి బ్రతికిన మలావీ పిల్లలను ఏడాదికి పైగా గమనింపగా, సుమారు మూడవవంతు మందికి మూర్ఛరోగమో, నడకలోనో మాటలోనో లోపమో, ప్రవర్తనలో మార్పో కలిగినట్లు 2010లో తెలిపిరి. మెదడు పొరల రోగము చెవుడు కలిగింపవచ్చును. అట్టి బిడ్డను బడిలో మొద్దని కొట్టరాదు; చెవిని, కంటిని పరీక్ష చేయింపవలెను.

దోమతెరలు, సకాలమున టీకాలు వీనిలో కొన్నింటిని ముందే వారించును. అయినను ఆపద వచ్చిన రాత్రి ఇంటివారికి ధైర్యము చాలదు. పెద్దమాట చెల్లును. ఆ మాట "చూతము" అని కాక, "బండి కట్టుడు" అని యుండుగాక.