వేటకూ కౌలే

పొలం కౌలు మనకు తెలుసు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో వేటకు కూడా భూమి కౌలుకిస్తారు. అక్కడ నూటికి తొంభై పాళ్లకు పైగా భూమి ప్రైవేటు వారిదే. కాబట్టి తెల్లతోక జింకనో, టర్కీ కోడినో వేటాడాలంటే చాలావరకు ముందు భూయజమానితో ఒప్పందం చేసుకోవాలి. ఒక్క రోజుకైనా సరే, సీజను మొత్తానికైనా సరే.

చాలామంది గైడు లేకుండానే వెళ్తారు. అప్పుడు జాడ వెతకడం, గాలివాటు చూసుకుని కూర్చోవడం, మాంసం శుభ్రం చేసుకోవడం, అన్నీ సొంత పనే. మీ మీదుగా వీచిన గాలి జింక ముక్కుకు తగిలిందా, ఇక అది కనబడదు.

కౌలు ఉంటే చాలదు. రాష్ట్రమిచ్చే లైసెన్సు వేరే ఉండాలి. హద్దు కంచె ముందే చూసుకోవాలి. గాయపడ్డ జింక పక్క భూమిలోకి పోతే, ఆ యజమాని అనుమతి లేకుండా మీరు అడుగు పెట్టకూడదు.

టర్కీ వేటలో అసలు భయం సాటి వేటగాడితోనే. వసంతంలో పుంజును రప్పించడానికి పెట్టలా కూస్తారు. ఆ కూత వినబడిన వైపు నక్కి నక్కి వెళ్లకండి. కూసేది మనిషి కావచ్చు! ఎరుపు, తెలుపు, నీలం బట్టలూ వద్దు. పుంజు తల రంగులు అవే మరి.

డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న మనవాళ్లకు ఒక్క మాట. ఒప్పందం కాగితం మీద ఉందా? హద్దులెక్కడ? ఆ రోజు అదే భూమిలో ఇంకెవరుంటారు? ఈ మూడూ అడిగాకే బయలుదేరండి. మన దేశంలో మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింక వేట నేరం. ఆ సరదా అక్కడితోనే సరి.