నీటికాకియు గంగపుత్రులును



చందానగరమున గూడిన యీ సభలో పెద్దలు చెరువులను గూర్చియు, పిల్లల చదువును గూర్చియు బ్రసంగించిరి. మేమొక పక్షిని గూర్చి విన్నవించెదము. నవ్వవలదు. నీటికాకులు చేపపిల్లలను దినివేయుచున్నవనియు, వానిని మట్టుపెట్టినగాని మన సంఘములు బాగుపడవనియు మనవారిలో గొందఱనుచున్నారు. ఆ మాటను విచారింపవలసియున్నది.

సంస్కృతమున దీనికి మద్గువని పేరు. మునుగుట యను నర్థముగల ధాతువునుండి వచ్చిన శబ్దము. ఛాందోగ్యోపనిషత్తున సత్యకామ జాబాలునకు బ్రహ్మముయొక్క నాలుగవ పాదము నుపదేశించినది మద్గువే. హంస మూడవపాదముతో విరమించెను. హంసను బొగడ నలయని మన కవులు దీనినేల మఱచిరో తెలియదు.

మనకు సమీపమున, 2016లో జీవవైవిధ్య వారసత్వస్థలముగా బ్రకటింపబడిన అమీన్‌పూర్ చెరువునకు ప్రాతఃకాలమున బోయి చూడుడు. బండలపై నీటికాకులు రెక్కలు చాచుకొని యుండును. బాతు ఈకలవలె గాక దీని ఈకల పైభాగము నీటిని బీల్చును. అందుచే దేహము తేలిక దప్పి లోతునకు మునుగుట సులభమగును. పిమ్మట నెండలో నారవలసివచ్చును. నాలుగు వ్రేళ్లను గలుపు చర్మముతో నీటిని దన్నుచు జేపను దఱుమును.

జపాను దేశమున గిఫు పట్టణముకడ నాగరా నదిలో, సముద్రతీరమున బట్టి పెంచిన నీటికాకులచే రాత్రివేళ జేపలు పట్టింతురు. పడవ మొనయందు ఇనుపబుట్టలో మంట వెలుగుచుండును. పక్షి కంఠమునకు త్రాడు గట్టుదురు. చిన్నచేప దిగును, పెద్దది నిలుచును. పక్షికి దాని వాటా దక్కుచుండుట గమనింపుడు. ఈ విద్య వేయి సంవత్సరములకు బైబడినది.

మన కొల్లేటిసీమలో కథ వేఱు. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2006లో అందలి చేపలచెరువుల గట్లు పెక్కు కొట్టివేయబడినవి. పెంపకపు చెరువులవారు పక్షులను రానీయక పైని వలలు పఱతురు. సొమ్ము పెట్టినవాని భయము మాకు దెలియును.

ఇక మన లెక్క చూతము. పెద్దజాతి నీటికాకి దినమునకు సుమారు 500 గ్రాముల చేప దినును. చిన్నజాతిదాని దేహమంతయు దూచినను దాదాపు అంతియే. 2016 మొదలు తెలంగాణ ప్రభుత్వము ఉచితముగా జేపపిల్లల నిచ్చినపుడు, వేసవి కెండు చెరువులకు 35 నుండి 40 మిల్లీమీటర్ల పిల్లలును, నిండు జలాశయములకు 80 నుండి 100 మిల్లీమీటర్లవియు నిర్ణయించిరి. చిటికెనవ్రేలంతయులేని పిల్లను గట్టుదగ్గఱ గుమ్మరించి పోయినచో దాని నేది తినదు? కొఱ్ఱమీను దినును, వాలుగ దినును. అవి నీటిలోపల దినును గాన వానిపై ఫిర్యాదు లేదు. నీటికాకి మనయెదుట దినుచున్నది, పైగా నల్లనిది.

తుపాకి మాట విడువుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి సమ్మతింపదు. పిల్లలను గొంతకాలము వలకట్టిన మడుగులో బెంచి, పెరిగినపిమ్మట జెరువులో వదలుట మేలు. వదలిన తొలిదినములలో కావలి యుండవలెను. నీటిలో నచ్చటచ్చట ముండ్లకంప వేసినచో పిల్లలకు దాగుచోటు గలుగును.

ఏ చెరువున నెంత పొడవుగల పిల్లల నేనాడు వదలిరో, ఎన్ని పట్టిరో వ్రాసియుంచు పుస్తకము ప్రతి సంఘమునను నుండవలెను. ఒక యేటి లెక్క మనచేతికి వచ్చువఱకు నీటికాకిపై దీర్మానము చేయవలదని కార్యవర్గమువారికి మనవి.