క్రియాపదం దాచిన ప్రేమ



ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో, ఆ మాస్టారు మాకు బాలవ్యాకరణం చెప్పారు. "క్రియ చివర ఏముందో చూడండ్రా, మనిషి అక్కడే దొరుకుతాడు" అనేవారు. ఆ మాట పట్టుకునే ఈ రోజు మాట్లాడతాను. స్వలింగ ప్రేమ, ట్రాన్స్‌జెండర్ జీవితం మన కవిత్వంలో ఎక్కడ దాక్కున్నాయి, ఎందుకు దాక్కోవలసి వచ్చింది అన్నది నా విషయం.

కొన్నేళ్ల కిందట ఒక విద్యార్థి తన కవితల నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. ఒక ప్రేమకవితలో 'వచ్చాడు' అని ఉన్న ప్రతిచోటా చివరి అక్షరం కొట్టేసి ఉంది. డు మీద గీత, దాని పైన వు. వచ్చాడు వచ్చావు అయింది. నవ్వాడు నవ్వావు అయింది. రాసింది నీలం సిరాతో, దిద్దింది నల్ల సిరాతో. ఎందుకు మార్చావని అడిగాను. "ఇంట్లో చదువుతారు సార్" అన్నాడు.

తెలుగులో నేను, నువ్వు అన్నంతసేపూ ఆడా మగా తేలదు. మూడో మనిషి రాగానే క్రియ ఆ గుట్టు విప్పేస్తుంది. ఆ అబ్బాయి తన ప్రియుణ్ణి 'నువ్వు' చాటున దాచుకున్నాడు. చదివేవాళ్లకు అది మామూలు ప్రేమకవిత. రాసినవాడికి మాత్రం కొట్టివేత కింద ఉన్నదే అసలు కవిత.

ధ్వనిలో అందం ఉంది కదా, దాస్తేనే కవిత చిక్కబడుతుంది కదా అని అలంకారశాస్త్రం చదివిన మిత్రులు అనవచ్చు. ధ్వనిని కవి కోరి ఎంచుకుంటాడు. ఈ దాపరికాన్ని భయం రాయించింది. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

మగవాడు ఆడగొంతుతో ప్రేమ పలకడం మన సంప్రదాయానికేమీ కొత్త కాదనేవారూ ఉన్నారు. 15వ శతాబ్దంలో అన్నమయ్య నాయికగా విరహపడ్డాడు. 17వ శతాబ్దంలో క్షేత్రయ్య నాయికై మువ్వగోపాలుడి మీద అలిగాడు. కూచిపూడిలో తరతరాలుగా మగవాళ్లే సత్యభామ జడ వేసుకున్నారు. స్త్రీ పాత్రలతో తెలుగు రంగస్థలాన్ని ఏలిన స్థానం నరసింహారావు 1956లో పద్మశ్రీ అందుకున్నారు. వీరి సొంత జీవితాల గురించి నేనేమీ ఊహించడం లేదు. నేను చూస్తున్నది చప్పట్లు కొట్టిన మనల్ని. మగవాడి గొంతులో ఆడదాని తపన మనకు ఎబ్బెట్టు కాలేదు. ఒకచోట భక్తి అన్నాం, ఒకచోట అభినయం అన్నాం. తెర పడ్డాక వేషం తీసేస్తాడన్న భరోసా మనకుంది.

మరి, అది వేషం కానివాళ్ల సంగతేమిటి? హైదరాబాద్ సంస్థానంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, నపుంసకుల చట్టం వచ్చింది. నేరాలు చేస్తారన్న అనుమానంతో హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించారు. అలా పేరెక్కినవాళ్లు ఆడవాళ్ల బట్టలు కట్టి, నగలు పెట్టి వీధిలో కనిపించినా, నలుగురి ముందు ఆడినా, వాద్యం వాయించినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. అటు కోస్తాలో స్థానం వారి స్త్రీ పాత్రలకు జనం టిక్కెట్లు కొని వెళ్లిన కాలంలోనే ఇటు ఈ చట్టం అమల్లో ఉంది. ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారులు కోర్టుకెక్కి పోరాడితే, తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దాన్ని కొట్టేసింది.

అంతకు ముందే, 2014లో, సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును ఒప్పుకుంది. 2018 సెప్టెంబరు 6న పెద్దల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదంది. చట్టం భయం తగ్గింది. ఇంటి భయం తగ్గలేదు. పెళ్లిచూపులు, చుట్టాలు, నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ. డు మీద ఆ గీత పడింది ఈ నలుగురి కోసమే.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు బోధించిన కవి హోషంగ్ మర్చంట్, 1999లోనే భారతీయ గే రచనలను 'యారానా' పేరుతో సంకలనం చేశారు. ఇంగ్లీషులో చెప్పుకున్నంత తేలిగ్గా తెలుగులో చెప్పుకోలేకపోవడానికి కారణం భాషా దారిద్ర్యం కాదు. ఇంగ్లీషు పుస్తకం చాలా ఇళ్లలో అమ్మ చదవదు. తెలుగు కవిత చదువుతుంది. అమ్మ చదివే భాషలో నిజం రాయడానికే ఎక్కువ ధైర్యం కావాలి.

ట్రాన్స్‌జెండర్లకూ మన భాషలో చోటుంది. 'వచ్చారు' అన్న మాట ఆడా మగా అని ఎవరినీ నిలదీయదు, పైగా గౌరవిస్తుంది. ఎవరికి ఏ క్రియ వాడాలో వాళ్లనే అడుగుదాం. తెలియనప్పుడు 'వచ్చారు' అందాం.

పత్రికా సంపాదకులకు, తెలుగు మాస్టార్లకు, తల్లిదండ్రులకు ఒక్కటే మనవి. అలాంటి నోటుపుస్తకం ఒకటి మీ చేతికి వస్తే, డు ఉన్నచోట డు ఉండనివ్వండి.